పెరట్లో ఎలుకలున్నాయా? మందు పెట్టే ముందు ఒక్క మాట

– నర్సింగ్ సూపరింటెండెంట్

"సిస్టరమ్మగారూ, మా పెరట్లో పందికొక్కులు ఎక్కువైపోయాయండీ. మందు పెడదామంటే కుక్క ఉంది, కోళ్ళున్నాయి. పెట్టకపోతే అవి మమ్మల్ని బతకనిచ్చేలా లేవు. ఏం చేయమంటారు?"

బి.పి. చూపించుకోవడానికి వచ్చిన ఒక అమ్మ ఓ.పి. వరండాలో నన్ను ఈ ప్రశ్న అడిగింది. పక్కన కూర్చున్నవాళ్ళు నలుగురూ "మా ఇంట్లోనూ అంతేనండీ" అని అందుకున్నారు. జ్వరం గురించి, షుగరు గురించి అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. ఎలుకల గురించి ఆసుపత్రిలో అడగడమేమిటని కొందరు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎలుకల వల్ల వచ్చే జ్వరానికీ, ఎలుకల మందు తిన్నవారికీ చికిత్స జరిగేది మా వార్డుల్లోనే. పైగా ఈ విషయంలో నేను చేసిన ఒక తప్పు నన్ను ఇప్పటికీ బాధపెడుతూ ఉంటుంది. ముందు అదే చెబుతాను.

మా టామీ సంగతి

మాది గోదావరి డెల్టా. మా క్వార్టర్స్ వెనుక చిన్న పెరడు ఉంది. రెండు కొబ్బరిచెట్లు, ఒక జామ, అరటి పిలకలు, బీరపాదు, నాలుగు కోళ్ళు. వీటన్నిటికీ కాపలాగా టామీ అనే కుక్క ఉండేది. ఆ ఏడాది సార్వా కోతలయ్యాక పొలాల్లోని పందికొక్కులు మా గోడ కిందుగా తవ్వుకొని లోపలికి వచ్చేశాయి. అరటి దుంపలు కొరికేశాయి. ఒక రాత్రి రెండు కోడిపిల్లలను లాక్కుపోయాయి. నాకు కోపం వచ్చి బజారు నుంచి ఎలుకల మందు బిళ్ళలు తెప్పించాను. టామీకి అందకూడదని ఇటుకల కుప్ప లోపలగా పెట్టాను. ఎంతో జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను.

రెండు మూడు రోజులకు ఎలుకల సందడి తగ్గింది. సంతోషించాను. ఐదో రోజున టామీ అన్నం ముట్టలేదు. ఎండకు డీలా పడిందనుకున్నాను. మరునాడు దాని చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి, ముక్కు నుంచి రక్తం కారింది. అప్పుడు గాని నాకు మందు గుర్తుకు రాలేదు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు విటమిన్ కె ఇంజక్షన్లు మొదలుపెట్టారు కాని అప్పటికే ఆలస్యమైంది. ఆ రాత్రే అది చనిపోయింది. మందు బిళ్ళ తిన్నదో, మందు తిని తూలుతున్న ఎలుకను పట్టి తిన్నదో నాకు తెలియదు. మందు పెట్టిన చెయ్యి మాత్రం నాదే. ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేస్తూ, ఏ మందు ఎవరికి ఎంత ఇవ్వాలో రోజుకు పదిసార్లు సరిచూసుకునే మనిషిని, ఆ పొట్లం మీద రాసింది ఒక్కసారి చదవలేదు.

అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. పెంపుడు జంతువులు, పసిపిల్లలు తిరిగే పెరట్లో ఎలుకలను ఎలా అదుపు చేయాలో, ఏమి చేయకూడదో వివరంగా తెలుసుకుందాం.

ముందు వచ్చింది ఎవరో గుర్తించండి

అన్నిటినీ ఎలుకలనే అంటాం కాని అన్నీ ఒకటి కావు.

పందికొక్కు నేలలో కలుగు తవ్వుతుంది. కలుగు నోటి దగ్గర తాజా మట్టి కుప్పగా పోసి ఉంటుంది. పొలంలోనైతే వరి కంకులు కోసి కలుగులో దాచుకుంటుంది. పెరట్లో దుంపలు, కోడిగుడ్లు, కోడిపిల్లలు దీని పాలవుతాయి. బాగా ఎదిగిన పందికొక్కును చూసి పిల్లి కూడా వెనకడుగు వేస్తుంది.

ఇంటి ఎలుక పైకి ఎక్కే రకం. దూలాలు, అటకలు, కొబ్బరి మొవ్వు దీని నివాసం. చెట్టు కింద గుండ్రటి కన్నంతో లేత కొబ్బరికాయలు రాలి ఉంటే ఇదే చేసిందని అర్థం.

చిట్టెలుక చిన్నది. బియ్యం డబ్బాల వెనుక, బట్టల బీరువాల్లో చేరుతుంది.

ఇక పొడవాటి ముక్కుతో, కీచుకీచుమంటూ గోడ వెంట పరుగెత్తే కంపు చుంచు అసలు ఎలుక జాతిదే కాదు. అది పురుగులను, బొద్దింకలను తింటుంది.

ఆడ ఎలుక సుమారు మూడు వారాలు మోసి ఒక్కో ఈతలో ఆరు నుంచి పది పిల్లల దాకా పెడుతుంది. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్ళీ ఈనడానికి సిద్ధమవుతాయి. "ఒకటే కదా, పోనీలే" అని వదిలేస్తే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి.

మన పెరట్లోకే ఎందుకు వస్తాయి?

ఎలుకకు కావలసినవి మూడే: తిండి, నీరు, దాక్కునే చోటు. జంతువులను పెంచే ఇంట్లో ఈ మూడూ మనమే అమర్చి పెడతాం.

రాత్రి కుక్కగిన్నెలో మిగిలిన పెరుగన్నం, కోళ్ళకు చల్లిన నూకలు, మూతలేని తవుడు బస్తా, లవ్‌బర్డ్స్ పంజరం కింద రాలిన కొర్రలు. ఒక ఎలుకకు రోజుకు పాతిక ముప్పై గ్రాముల తిండి సరిపోతుంది. అంటే కుక్క వదిలేసిన గుప్పెడు అన్నం ఒక ఎలుకకు చక్కటి భోజనం. కుక్క మలాన్ని కూడా ఎలుకలు తింటాయని చాలామందికి తెలియదు. ఆ మలం ఎత్తకుండా వదిలేసినా మనం వాటికి విందు పెడుతున్నట్లే.

వర్షాలకు కలుగుల్లోకి నీరు చేరినప్పుడు, కోతలయ్యాక పొలంలో తిండి అయిపోయినప్పుడు అవి ఇళ్ళ వైపు వస్తాయి. కాబట్టి మన ప్రాంతంలో వానాకాలం మొదలు సంక్రాంతి దాకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఎలుక జ్వరం – పసరుతో పోయే కామెర్లు కావు

ఎలుకల వల్ల వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది లెప్టోస్పైరోసిస్. కేరళలో దీన్ని ఎలుక జ్వరమనే పిలుస్తారు. ఈ సూక్ష్మక్రిములు ఎలుక మూత్రంలో బయటకు వచ్చి తడి నేలలో, నిలిచిన నీటిలో వారాల తరబడి బతికి ఉంటాయి. మన కాలి పగుళ్ళ నుంచి, చిన్న గాయాల నుంచి, కళ్ళు, నోరు, ముక్కు పొరల నుంచి లోపలికి ప్రవేశిస్తాయి. 2005 జూలైలో ముంబయి వరదల తర్వాత, 2018 ఆగస్టులో కేరళ వరదల తర్వాత ఈ జ్వరం పెద్ద ఎత్తున వ్యాపించింది.

కుక్కలకు, పశువులకు, పందులకు కూడా ఇది సోకుతుంది. ఎలుక మూత్రం పడిన నీళ్ళు తాగిన కుక్క జబ్బు పడవచ్చు. ఒక్కోసారి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తూ తన మూత్రం ద్వారా క్రిములను వదులుతూ ఉండవచ్చు. పెరట్లో ఎలుకలు, కుక్క, చెప్పులు లేని మన కాళ్ళు ఈ మూడూ ఒకే తడి నేల మీద తిరుగుతున్నాయని గుర్తుంచుకోవాలి.

మా వీధిలోని ఒక పెద్దాయనకు జరిగింది చెబుతాను. ఒక ముసురు రోజు తర్వాత ఆయన కుక్కను కట్టే కొట్టం వెనుక బురద ఎత్తారు. కాళ్ళకు చెప్పులు లేవు, మడమలకు పగుళ్ళు. వారం రోజులకు చలితో జ్వరం, తలనొప్పి వచ్చాయి. పిక్కలు పట్టుకుంటే చాలు, కేక వేసేంత నొప్పి. కళ్ళు ఎర్రబడ్డాయి కాని పుసి లేదు. మందుల షాపులో బిళ్ళలు కొని వేసుకున్నారు. నాలుగో రోజుకు కళ్ళు పచ్చబడ్డాయి. "కామెర్లు కదా" అని పసరు పోయించారు. మరో మూడు రోజులు పథ్యం చేశారు. మూత్రం బాగా తగ్గిపోయాక గాని ఆసుపత్రికి తీసుకురాలేదు. కిడ్నీలు దెబ్బతినడంతో డయాలిసిస్ అవసరమైంది. దేవుని దయ వల్ల బతికి బయటపడ్డారు. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే డాక్సీసైక్లిన్ వంటి మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గిపోయేది. ముదిరిన తర్వాత పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ వంటివి నరం ద్వారా ఎక్కించాల్సి వస్తుంది.

కాబట్టి జ్వరంతో పాటు పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు ఉంటే వెంటనే డాక్టరును కలవండి. "మా పెరట్లో ఎలుకలున్నాయి", "బురదలో పనిచేశాను" అన్న సంగతి మీరే చెప్పండి. సాధారణంగా క్రిమి సోకిన 5 నుంచి 14 రోజుల్లో జ్వరం వస్తుంది. ఒక్కోసారి నెల దాకా పట్టవచ్చు. కాబట్టి గత నెలలో చేసిన పని కూడా గుర్తు తెచ్చుకొని చెప్పాలి. యాంటీబయాటిక్ మాత్రం మీ అంతట మీరు కొని వాడకండి.

మరో జబ్బు స్క్రబ్ టైఫస్. ఎలుకల మీద, తుప్పల్లో ఉండే నల్లుల వంటి అతి చిన్న పురుగు పిల్లలు కుట్టడం వల్ల ఇది వస్తుంది. మన రాష్ట్రంలోనూ కేసులు కనిపిస్తున్నాయి. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి పెచ్చు కడుతుంది. చంకలు, గజ్జలు, నడుము వంటి చోట్ల ఉండడం వల్ల రోగి కూడా గమనించకపోవచ్చు. తగ్గని జ్వరానికి ఒళ్ళంతా పరీక్షగా చూడమని మా నర్సులకు చెప్పేది అందుకే.

ఇవి గాక ఎలుకల వెంట పాములు వస్తాయి. ఎలుకను వెతుక్కుంటూ వచ్చే పాము జెర్రిపోతు కావచ్చు, నాగుపాము కావచ్చు, రక్తపింజరి కావచ్చు. పెరట్లో ఎలుకలు తగ్గితే పాముకాటు భయం కూడా తగ్గుతుంది.

ఎలుకల మందులో ఏముంటుంది?

బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు.

1. బ్రోమడియోలోన్ బిళ్ళలు: ఇవి రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న వెంటనే ఏమీ కనబడదు. 3 నుంచి 5 రోజుల తర్వాత చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఆయాసం మొదలవుతాయి. మా టామీకి జరిగింది ఇదే. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది, కాని వారాల తరబడి ఇవ్వాలి. తిన్నదని అనుమానం వచ్చిన రోజునే తీసుకువెళితే బతికించుకునే అవకాశం ఎక్కువ.

2. జింక్ ఫాస్ఫైడ్: నల్లటి పొడి. కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువుగా మారుతుంది. కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. విరుగుడు లేదు. తిన్న కుక్క వాంతి చేసుకుంటే ఆ వాసన పీల్చడం మనకూ ప్రమాదమే. కిటికీలన్నీ తెరవాలి, ముఖం దగ్గరగా పెట్టకూడదు.

3. పచ్చ భాస్వరం ఉన్న పేస్టు: ట్యూబులో వస్తుంది. టమాటా ముక్కకో, పకోడీకో రాసి పెడుతుంటారు. పిల్లలు, కుక్కలు తినేది కూడా ఆ పకోడీయే కదా! దీనిలోని మోసం ఏమిటంటే, మొదట వాంతులయ్యాక ఒకటి రెండు రోజులు మనిషి కోలుకున్నట్లే కనిపిస్తాడు. "బాగానే ఉన్నాడు, ఇంటికి తీసుకుపోతాం" అని బంధువులు పట్టుబడతారు. ఆ తర్వాత కాలేయం పాడై కామెర్లు వస్తాయి. దీనికీ విరుగుడు లేదు. డాక్టరుగారు ఉంచమన్నన్ని రోజులు తప్పకుండా ఉంచండి.

అందువల్ల జంతువులు, పిల్లలు తిరిగే పెరట్లో విషం పెట్టవద్దనే నా సలహా. కలుగుల్లో పెట్టే విషవాయువు బిళ్ళలు ఇంటి దగ్గర అసలే వాడకూడదు. గోధుమపిండిలో సిమెంటు కలిపి పెట్టడం, జిగురు అట్టలు పరచడం కూడా మంచివి కావు. ఆ పిండి కోళ్ళు తింటాయి. ఆ జిగురుకు పిల్లికూనలు, పిచ్చుకలు, తొండలు అంటుకొని గిలగిలా కొట్టుకుంటాయి.

ఇంకొక్క మాట. ఎలుకల మందు ఇంట్లో అందుబాటులో ఉంటే, క్షణికావేశంలో దాన్నే మింగి మా దగ్గరకు వచ్చే యువతీ యువకులు ఎందరో. పరీక్ష పోయిందనో, ఇంట్లో కేకలేశారనో ఆ ఒక్క నిమిషంలో చేసిన పని. చేతికి అందే చోట మందు లేకుంటే ఆ నిమిషం గడిచిపోయేది. కొన్న మందు మిగిలిందని దాచకండి. మనసు బాగాలేని వారెవరైనా 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మరి ఎలా వదిలించుకోవాలి?

టామీ పోయిన తర్వాత నేను నేర్చుకున్న పద్ధతి ఇది. కొంత ఓపిక కావాలి, ఖర్చు తక్కువ.

మొదటిది – తిండి ఆపండి. కుక్కకు, పిల్లికి వేళకు పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత మిగిలింది తీసి గిన్నె కడిగి బోర్లించండి. రాత్రి గిన్నెలు బయట ఉంచవద్దు. తాగే నీళ్ళ గిన్నె కూడా రోజూ కడిగి కొత్త నీళ్ళు పోయండి. నూకలు, తవుడు, దాణా మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో ఉంచండి. ప్లాస్టిక్ డబ్బాను ఎలుక కొరికేస్తుంది. కోళ్ళకు పొద్దుపోయాక గింజలు చల్లవద్దు, గుడ్లు చీకటి పడకముందే తీసేయండి. కుక్క మలాన్ని రోజూ ఎత్తి పాతిపెట్టండి. రాలిన జామపండ్లను సాయంత్రానికల్లా ఏరేయండి.

రెండవది – దాక్కునే చోటు లేకుండా చేయండి. ఇటుకల కుప్పలు, కొబ్బరి డొక్కలు, ఎండుమట్టలు, పాత టైర్లు తీసేయండి. వంటచెరకు నేల మీద కాకుండా అడుగు ఎత్తున బల్ల మీద పేర్చండి. గోడ పక్కన రెండడుగుల మేర గడ్డి, తుప్పలు లేకుండా శుభ్రంగా ఉంచండి. ఎలుక ఆరుబయట తిరగడానికి భయపడుతుంది. గోడ వారగా, చాటుగానే నడుస్తుంది.

మూడవది – దారులు మూయండి. బొటనవేలు పట్టే కన్నంలోంచి ఎలుక, చిటికెనవేలు పట్టే కన్నంలోంచి చిట్టెలుక దూరిపోతాయి. కన్నాల్లో ఇనుప జాలి ముక్కలు కుక్కి సిమెంటు పూయండి. కోళ్ళ గూటికి పావు అంగుళం కన్నాల ఇనుప జాలి వేయించండి. పెద్ద కన్నాల జాలి కోడిని ఆపుతుంది కాని ఎలుకను ఆపదు. జాలిని భూమిలోకి అడుగున్నర లోతు దించితే పందికొక్కు కింద నుంచి తవ్వలేదు. కొబ్బరిచెట్టుకు ఆరేడు అడుగుల ఎత్తున అడుగున్నర వెడల్పు రేకు చుట్టండి. పక్క చెట్టు మట్టలు తగలకుండా చూసుకుంటే ఎలుక పైకి ఎక్కలేదు.

నాలుగవది – బోను పెట్టండి. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. అందుకే బోనును తలుపు తెరిచి, తాడు బిగించకుండా, ఎర మాత్రం పెట్టి మూడు నాలుగు రోజులు అలాగే వదిలేయండి. భయం పోయి లోపలికి వెళ్ళి తినడం మొదలుపెట్టాక అప్పుడు బిగించండి. కాల్చిన కొబ్బరి ముక్క, ఎండుచేప, వేయించిన వేరుశనగ గుళ్ళు మంచి ఎరలు. పెరటి మధ్యలో కాదు, గోడ వారగా ఎలుక నడిచే దారిలో పెట్టాలి. కుక్క, కోళ్ళు ఉన్నచోట దెబ్బకు చంపే ఉచ్చు వాడితే, దాన్ని ఎలుక మాత్రమే దూరగల కన్నం ఉన్న చెక్కపెట్టెలో ఉంచండి. పట్టిన ఎలుకను పక్క వీధిలో వదిలితే బాధ పక్కవాళ్ళకు చేరుతుంది, లేదా అదే తిరిగి వస్తుంది. బోనులో రోజంతా ఎండలో మాడ్చడం, నీళ్ళలో ముంచడం క్రూరమైన పనులు. ఉచ్చు దెబ్బకు క్షణంలో పోతుంది.

పొలాలు దగ్గరగా ఉన్నవారు, కోతల కాలంలో ఎలుకలు పట్టే యానాది కుటుంబాలను పిలిపించుకోండి. కలుగు చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పగల అనుభవం వారిది. వారికి తగిన కూలి ఇచ్చి, తవ్వేటప్పుడు కాళ్ళకు చెప్పులు, చేతులకు తొడుగులు కూడా ఇవ్వండి. వారికీ ఎలుక జ్వరం రావచ్చు కదా!

పిల్లి ఉంటే చాలదా అని అడుగుతారు. పిల్లి చిట్టెలుకలను బాగానే పడుతుంది, పందికొక్కుల ముందు ఆగలేదు. ఎలుకలు తినే పిల్లికి కడుపులో నులిపురుగులు చేరతాయి కాబట్టి పశువైద్యుడిని అడిగి క్రమం తప్పకుండా మందు వేయించండి. గుడ్లగూబ మీ కొబ్బరిచెట్టు మీద వాలితే అపశకునమని తరమవద్దు. రాత్రంతా అది చేసేది మన పనే. శబ్దంతో ఎలుకలను పారదోలుతుందని అమ్మే కరెంటు యంత్రాలు పెరట్లో పెద్దగా ఉపయోగపడవు. నాఫ్తలీన్ ఉండలు, చిక్కటి ఫినాయిలు చల్లితే ఎలుకల కంటే ముందు పిల్లికే హాని.

శుభ్రం చేసేటప్పుడు

ఎలుక పెంటికలను పొడిగా ఊడవకండి, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. లీటరు నీటికి సుమారు 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, ఆ నీళ్ళు చల్లి పది నిమిషాలు ఆగి, తర్వాత పాతగుడ్డతో ఎత్తండి. బ్లీచింగులో ఆసిడ్ కలపకండి, విషవాయువు వస్తుంది. చేతికి తొడుగు, కాళ్ళకు మూసి ఉన్న చెప్పులు లేదా బూట్లు తప్పనిసరి. నేల ఆరే వరకు జంతువులను కట్టి ఉంచండి. చచ్చిన ఎలుకను వట్టి చేత్తో తోక పట్టుకొని విసరకండి. కవరులో చెయ్యి దూర్చి పట్టుకొని, లోతుగా పాతిపెట్టండి. పని అయ్యాక సబ్బుతో చేతులు, కాళ్ళు కడుక్కోండి.

కుక్కకు ఏటా రేబిస్ టీకాతో పాటు, లెప్టోస్పైరోసిస్ కూడా కలిసి ఉన్న టీకా వేయించండి. "ఇందులో లెప్టో ఉందా?" అని పేరు పెట్టి అడగండి. కుక్కపిల్లకు మొదటిసారి కొద్ది వారాల తేడాతో రెండు మోతాదులు కావాలి.

అనుకోకుండా జరిగితే

• మనిషి గాని, జంతువు గాని ఎలుకల మందు తిన్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. వెంటనే బయలుదేరండి. మనుషులకు 108, పశువులకు 1962.

• ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, పేడనీళ్ళు తాగించి వాంతి చేయించకండి. పాలు, నూనె, మజ్జిగ పోయకండి.

• మందు పొట్లం, ట్యూబు, మిగిలిన ముక్క ఏది దొరికినా కవరులో వేసి వెంట తీసుకురండి. ఏ విషమో తెలిస్తేనే సరైన చికిత్స.

• ఎలుక కరిస్తే పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టకండి. టి.టి. ఇంజక్షను, ఇతర టీకాలు అవసరమో కాదో డాక్టరు చెబుతారు.

• కుక్క అన్నం మాని, వాంతులు చేసుకుంటూ, కళ్ళు పచ్చబడితే అది ఎలుక జ్వరం కావచ్చు. తొడుగు లేకుండా దాని మూత్రాన్ని తాకకండి.

ఒక్క ఇంటితో అయ్యే పని కాదు

నేను మా పెరడు ఎంత శుభ్రంగా ఉంచినా మొదటి ఏడాది ఎలుకలు వస్తూనే ఉన్నాయి. కారణం వెతికితే మా గోడ అవతల కనబడింది. చర్చి వంటశాల వెనుక, ప్రేమవిందు మర్నాడు పారేసిన విస్తళ్ళు, మిగిలిన అన్నం. కోతల పండుగకు వచ్చిన ధాన్యం బస్తాలు వరండాలో నేల మీదే ఉన్నాయి. పాస్టరమ్మగారితో మాట్లాడాను. ఆమె ఏమీ అనుకోకుండా, "నిజమేనండీ, మేమూ అవస్థ పడుతున్నాం" అన్నారు. ఒక శనివారం ఉదయం యువకులు, స్త్రీల సమాజం వారు, మా నర్సింగు విద్యార్థినులు అందరం కలిసి కాంపౌండు మొత్తం శుభ్రం చేశాం. మిగిలిన అన్నం పూడ్చడానికి మూత ఉన్న గొయ్యి తవ్వించారు. బస్తాలకు కింద చెక్కబల్లలు వేశారు. రెండు నెలల్లో తేడా కనిపించింది. ఎలుకలు పూర్తిగా పోయాయని అనను. కోతలయ్యాక ఒకటీ రెండూ ఇప్పటికీ వస్తాయి. వచ్చినవాటికి తిండి దొరకదు, దాక్కునే చోటు లేదు, గోడ వారగా బోను ఉంది.

ఓ.పి. వరండాలో ప్రశ్న అడిగిన అమ్మకు నేను చెప్పింది ఇంతే: "ఈ రాత్రి నుంచి కుక్కగిన్నె కడిగి లోపల పెట్టండమ్మా. రేపు బోను కొనండి. మందు మాత్రం కొనకండి." పదిహేను రోజుల తర్వాత బి.పి.కి మళ్ళీ వచ్చినప్పుడు, "ఏడు పట్టామండీ! కోడిపిల్లలన్నీ ఉన్నాయి" అని చెప్పింది.

టామీని మా జామచెట్టు కింద పూడ్చాం. దాని తర్వాత ఒక పిల్ల కుక్కను తెచ్చుకున్నాం. మొదటి వారంలోనే దానికి టీకా వేయించాను. మీ ఇంట్లోనూ అలాంటి జీవం ఒకటి ఉంటే, ఈ పేజీ చదివిన తర్వాత ఒక్కసారి పెరట్లోకి వెళ్ళి చూడండి. ఎక్కడైనా మిగిలిపోయిన మందు బిళ్ళ ఉందేమో, రాత్రికి బయట వదిలిన గిన్నె ఉందేమో. రెండూ ఇవాళే తీసేయండి.